ఆగిన కాడ్నుంచే మళ్లీ: ఆడియో ప్లేయర్లల్ల ఆటో రెజ్యూమ్ ఎట్ల పనిచేస్తది, ఎందుకు తప్పుతది

క్లుప్తంగా: మూడు గంటల ఆడియో సగంల ఆగి, మళ్లీ తెరిచేసరికి మొదటికొచ్చిందంటే తప్పు వినేటోళ్లది కాదు. ఆగిన చోటును ప్లేయర్ నడుస్తుండంగనే రాసుకోవాలె, బంద్ అయ్యేటప్పుడు రాసుకుందాం అనుకుంటే కుదరదు. ఫైలును ఫోల్డర్, పేరు చూసి కాకుండ లోపల ఉన్నదాన్ని బట్టి గుర్తుపట్టాలె. చోటు గుర్తుంచుకోవడం ప్రతిసారి జరగాలె గని, సౌండు దానంతటది మొదలవ్వడం మాత్రం చాలా తక్కువ సందర్భాల్లోనే జరగాలె. ఈ రెండిటినీ ఒక్కటే పని అనుకుని కలిపేసిన ప్లేయర్లతోనే జనాలకు ఎక్కువ ఇబ్బంది.

సమస్య ఎక్కడ మొదలైతది

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు దిక్కు జనాల ఫోన్లల్ల పాటలు ఒక్కటే ఉండయి, పొడుగు రికార్డింగులు కూడ బాగనే ఉంటయి. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ లాంటి ఒగ్గు కథలు గంటలకు గంటలు నడుస్తయి, పాత క్యాసెట్ల నుంచి ఎంపీత్రీ చేసినవి వాట్సాప్‌ల చేతులు మారుతుంటయి. గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో చదివే పిల్లలు తెలంగాణ చరిత్ర, ఎకానమీ క్లాసులను ఆడియోగ పెట్టుకుని బస్సుల, రూముల వింటరు. పెద్దోళ్లకు ప్రవచనాలు. ఇవన్నీ ఒక్క కూర్చోపుల అయిపోయేవి కావు, ఇయ్యాల కొంత రేపు కొంత అన్నట్టు వినేవే.

ఒక మామూలు ప్రయాణం తీసుకుందాం. కాజీపేటల సికింద్రాబాద్ బండెక్కి ఇయర్‌ఫోన్ పెట్టుకుని మల్లన్న కథ మొదలుపెట్టిన మనిషికి 130 కిలోమీటర్లకు పైన దారి ఉంటది. జనగామ దగ్గర ఫోనొస్తది, కథ ఆగుతది, మాట్లాడి పెట్టేయంగనే కథ మళ్లీ అందుకుంటది, ఇక్కడిదాకా అంతా మంచిగనే ఉంటది. ఆలేరు దగ్గర టీసీ వస్తే పాజ్ నొక్కి టికెట్ చూపిస్తరు, అట్లనే పక్క సీటాయనతో ముచ్చట్ల పడుతరు, భువనగిరి గుట్ట కనిపిస్తే కెమెరా తీసి ఫోటో కొడుతరు. ఘట్‌కేసర్ రాంగనే ఇంకింత విందామని ప్లేయర్ తెరిస్తే కథ సున్నా నిమిషం సున్నా సెకను కాడ ఉంటది. గంటన్నర విన్న కథల ఎక్కడిదాకా వచ్చిన్రో వేలితో గీకి గీకి వెతుక్కోవాలె, మూడు గంటల గీతను ఆరంగుళాల స్క్రీన్ మీద వేలు ఇంత జరిపితే మూడు నిమిషాలు అటో ఇటో పోతది.

ఫోన్ కాల్‌కు తట్టుకున్న ప్లేయర్ కెమెరాకు ఎందుకు తట్టుకోలేదు? కారణం ఆండ్రాయిడ్ యాప్‌లను ఏ వరుసల పెడతదో దాంట్ల ఉంది. సౌండు మోగుతున్నంతసేపు ప్లేయర్ ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌గ నడుస్తది, పైన నోటిఫికేషన్ కనిపిస్తది, సిస్టమ్ దాన్ని అంత తొందరగ ముట్టుకోదు. పాజ్ నొక్కినంక చాలా ప్లేయర్లు ఆ హోదా వదిలేసుకుంటయి, అప్పుడది బ్యాక్‌గ్రౌండ్‌ల ఊకె కూసున్న యాప్‌లల్ల ఒకటైతది. కెమెరాకు మెమరీ ఎక్కువ కావాలె, ర్యామ్ తక్కువున్న ఫోన్‌ల సిస్టమ్ అట్ల కూసున్నదాన్ని పట్టి ఆపేస్తది. అంటే మోగుతున్నప్పుడు కంటే పాజ్‌ల ఉన్నప్పుడే ప్లేయర్ ప్రాణానికి ముప్పు ఎక్కువ. పైగ ఆపేసే ముందు "నిన్ను ఆపుతున్న, ఏమన్న రాసుకునేది ఉంటే రాసుకో" అని చెప్పదు. యాప్ మూసేటప్పుడు పిలిచే ఆన్‌డిస్ట్రాయ్ అనే ఫంక్షన్ ఉంటది గని అది ప్రతిసారి పిలుస్తరన్న గ్యారెంటీ లేదని ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషన్ల కూడ స్పష్టంగనే ఉంది. చోటు రాసే పనిని ఆ ఫంక్షన్‌ల పెట్టిన ప్లేయర్ ల్యాబ్‌ల బాగ పనిచేసి రైల్ల ఫెయిలైతది.

క్యాసెట్ కాలంల ఈ పని ఎవరూ డిజైన్ చేయలేదు

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను 1963ల తెచ్చింది, అందుల రెజ్యూమ్ అని వేరే ఏం పెట్టాల్సిన అవసరమే పడలేదు. టేపు ఎక్కడ ఆగితే అక్కడే ఉంటది, కరెంటు పోయినా, క్యాసెట్ తీసి ఇంకో డెక్‌ల పెట్టినా చోటు మారదు, ఎందుకంటే చోటు టేపుల్నే ఉంది, మెషీన్ల కాదు. 1982ల సీడీ వచ్చినంక అది పోయింది, డిస్కు తీసి పెడితే మొదటి ట్రాకే. కొన్ని చేతిల పట్టుకునే సీడీ ప్లేయర్లకు రెజ్యూమ్ అని చిన్న స్విచ్ ఇచ్చిన్రు. ఎంపీత్రీ ఫైల్ వచ్చేసరికి ఇంకా దూరం జరిగింది, ఫైల్‌ల పాట తప్ప ఎవరు ఎక్కడిదాకా విన్నరన్నది ఏమీ ఉండదు, ఆ జ్ఞాపకం మొత్తం ప్లేయర్ మీదనే పడ్డది.

తర్వాత ఎవరికి తోచిన దారి వాళ్లు పట్టిన్రు. యాపిల్ ఐపాడ్ల ఆడియోబుక్కులకు ఎంఫోర్‌బీ అని వేరే ఎక్స్‌టెన్షన్ పెట్టి వాటికి చోటు గుర్తుంచుకున్నది, మామూలు పాటకు కావాల్నంటే ఐట్యూన్స్‌ల ఆ పాట మీద విడిగ టిక్ పెట్టాలె. రాక్‌బాక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (ప్లేయర్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఆటోమేటిక్ బుక్‌మార్కులు ఇచ్చింది, ఏయే ఫోల్డర్లల్ల రెజ్యూమ్ చేయాల్నో కూడ చెప్పుకోనిచ్చింది. కంప్యూటర్ల వాడే వీఎల్‌సీకి ఈ సౌకర్యం 2015ల వచ్చిన 2.2 వెర్షన్‌తోటి వచ్చింది, అడగాల్నా, ఎప్పుడూ చేయాల్నా, అసలే వద్దా అని సెట్టింగ్ ఇచ్చింది. సర్వర్ లాగ నడిచే మ్యూజిక్ ప్లేయర్ డీమన్ ఒక స్టేట్ ఫైల్‌ల క్యూ (మోగాల్సిన పాటల వరుస), చోటు రాస్తది, మామూలుగ 120 సెకన్లకోసారి. అంటే కరెంటు పోతే రెండు నిమిషాల దాకా చోటు వెనక్కి పోవచ్చు, పాటలకు అది లెక్కల్లేని విషయం, క్లాసు వినేటోళ్లకు మాత్రం చిరాకు.

ఎప్పుడు రాసుకోవాలె

జవాబు చిన్నదే: మోగుతున్నంతసేపు ఐదు పది సెకన్లకోసారి, ఇంకా పాజ్ నొక్కిన క్షణంల, వేరే ఫైల్‌కు మారినప్పుడు, గీత మీద వేలితోటి జరిపినప్పుడు. ఇట్ల చేస్తే యాప్ ఎప్పుడు ఎట్ల ఆగిపోయినా పోయేది పది సెకన్ల లోపే, అది వినేటోళ్లకు తెల్వను కూడ తెల్వదు.

మాటిమాటికి రాస్తే మెమరీ ఖరాబైతది, బ్యాటరీ తింటది అనే భయం చాలామంది డెవలపర్లకు ఉంటది. లెక్క చూస్తే అంత భయం అక్కర్లేదు. ఐదు సెకన్లకోసారి అంటే గంటకు 720 సార్లు, ఒక్కోసారి రాసేది ఫైల్ గుర్తు, చోటు, మొత్తం నిడివి, చివరిసారి విన్న టైము, అన్నీ కలిపి వంద బైట్ల చిల్లర. ఫ్లాష్ మెమరీ పేజీ లెక్కల రాస్తది కాబట్టి ఒక్కోసారికి నాలుగు కేబీ అనుకున్నా గంటకు మూడు ఎంబీ కూడ దాటదు, వాట్సాప్‌ల వచ్చే ఒక్క వీడియో అంతకంటే ఎక్కువ రాస్తది.

ఎన్నిసార్లు రాస్తున్నమన్నదానికంటే ఎట్ల రాస్తున్నమన్నదే ముఖ్యం. పాత ఫైల్ మీదనే నేరుగ రాస్తుంటే, సరిగ్గ ఆ క్షణంల కరెంటు పోతే ఫైల్ సగమే ఉంటది లేదా ఖాళీ అయిపోతది, అన్ని ఆడియోల చోట్లు ఒకేసారి గల్లంతైతయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఇది జరగని ముచ్చటేం కాదు. అందుకే కొత్తది వేరే తాత్కాలిక ఫైల్‌ల రాసి, అది డిస్కుకు చేరిందని ఖాయం చేసుకుని, అప్పుడు పేరు మార్చి పాతదాని జాగల పెట్టాలె. ఇదంత చేతితోటి చేసుకోలేమంటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడితే చాలు, దాని జర్నల్ ఈ పనే చేస్తది.

ఇంకో తప్పు ఉంది, దాన్ని పట్టుకోవడం కష్టం, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలె. యాప్ తెరవంగనే ప్లేయర్ పాత ఫైల్‌ను లోడ్ చేయడం మొదలుపెడతది, ఆ పని వెనక జరుగుతుంటది, పెద్ద ఫైలైతే, ఎస్డీ కార్డ్ నిదానమైతే ఒకట్రెండు సెకన్లు పడతది. ఆ మధ్యల "ఇప్పుడు ఎక్కడున్నవ్" అని ప్లేయర్‌ను అడిగితే సున్నా అంటది, ఎందుకంటే రాసుకున్న చోటుకు ఇంకా దూకలేదు. సరిగ్గ అప్పుడే ఐదు సెకన్ల టైమర్ మోగి ఆ సున్నానే రాసేస్తది. గంటన్నర కాడ భద్రంగ ఉన్న గుర్తు మీద సున్నా పడ్డది. ఈలోపు దూకడం పూర్తయి సౌండొస్తే తర్వాతి రాతల అది సర్దుకుంటది, ఎవరికీ ఏమీ తెల్వదు. కానీ తెరిచినోళ్లు వెంటనే మూసేసిన్రనుకో, లేదా ఎస్డీ కార్డు దొరకక లోడ్ ఫెయిలైందనుకో, సున్నానే మిగులుతది. "అప్పుడప్పుడు మర్చిపోతది, మళ్ల చేసి చూస్తే మంచిగనే ఉంటది" అనే కంప్లయింట్ల వెనక చాలాసార్లు ఇదే ఉంటది. దీనికి మందు ఒక్కటే, దూకడం పూర్తయి నిజంగ సౌండు మొదలైనంకనే రాయడానికి పర్మిషన్ ఇయ్యాలె, అంతకుముందు వచ్చే సున్నాను అస్సలు నమ్మొద్దు.

ఏ ఫైలో ఎట్ల తెలుస్తది

చోటు రాసుకున్నం సరే, అది ఏ ఫైల్‌దో ఎట్ల గుర్తుపట్టాలె? సులువైన పద్ధతి ఫైల్ పాత్, అంటే ఫోల్డర్, పేరు కలిపి. ఎంపీవీ ప్లేయర్ పాత్‌ను హ్యాష్ చేసి, అంటే లెక్క కట్టి ఒక చిన్న కోడ్‌గ మార్చి, ఆ పేరుతోటి చిన్న ఫైల్ రాసుకుంటది, కంప్యూటర్ల ఫైళ్లు అంతగ జరగవు కాబట్టి నడుస్తది, ఫోల్డర్ మారిస్తే మాత్రం మర్చిపోతది. అందుకే పాత్ పట్టించుకోకుండ ఉత్త పేరు చూసే ఆప్షన్ కూడ దాంట్ల పెట్టిన్రు.

ఫోన్ల సంగతి వేరు. వాట్సాప్‌ల వచ్చిన ఆడియోకు అసలు పేరు పోయి ఏయూడీ అని, తారీఖు, డబ్ల్యూఏ అని నంబర్ ఉన్న పేరొస్తది. అదే కథను ఇంకో గ్రూప్‌ల నుంచి మళ్లీ దింపుకుంటే ఇంకో పేరు. స్టోరేజ్ నిండితే డిలీట్ చేసి తర్వాత మళ్లీ అడిగి తెప్పించుకునుడు, ఫోన్‌ల నుంచి ఎస్డీ కార్డుకు జరుపుడు, ఇవన్నీ రోజూ అయ్యేవే. ఆండ్రాయిడ్ మీడియా డేటాబేస్ ఇచ్చే ఐడీ నంబర్‌ను నమ్ముకుందామంటే ఆ డేటాబేస్ మళ్లీ తయారైనప్పుడు నంబర్లు మారుతయి.

కాబట్టి ఫైల్ సైజు ఎన్ని బైట్లో, దానితోటి పాటు మధ్యల నుంచి ఒక 64 కేబీ తీసి చేసిన హ్యాష్, ఈ రెండూ కలిపితే మంచి గుర్తైతది. మొత్తం ఫైల్ హ్యాష్ చేయాల్సిన పని లేదు. మూడు గంటల కథ 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) కాడ సుమారు 170 ఎంబీ ఉంటది, తెరిచినప్పుడల్లా అదంత చదివితే ఫోన్ వేడెక్కుడు తప్ప లాభం లేదు. మొదట్ల నుంచి కాకుండ మధ్యల నుంచి తీసుకోమనడానికి కారణముంది, ఎంపీత్రీల పాట పేరు, బొమ్మ లాంటి ట్యాగులు ఎక్కువగ మొదట్లనే ఉంటయి, ఒకే సిరీస్‌ల ఉన్న ఫైళ్లన్నిటికీ అదే బొమ్మ పెట్టి ఉంటది.

ఒకే ఫోను, ఇద్దరు ముగ్గురు వినేటోళ్లు

చాలా సాదా ప్లేయర్లు "చివరిసారి ఏది మోగింది, ఎక్కడ ఆగింది" అని ఒక్కటే గుర్తు పెట్టుకుంటయి. ఒక్కరే ఒక్కటే వింటే అది చాలు. మన ఇండ్లల్ల ఫోన్ ఒక్కరి చేతుల్నే ఉండదు. తాత పొద్దున ఎల్లమ్మ కథ సగం విని పెడితే, మధ్యాహ్నం మనుమడు అదే ఫోన్ల పాటలు పెడతడు, సాయంత్రం తాత తెరిచేసరికి ఆఖరి గుర్తు పాటల మీద ఉంటది, కథ మొదటికొస్తది. ప్రతి పొడుగు ఫైల్‌కు దాని గుర్తు దానికే విడిగ ఉండాలె. వెయ్యి ఫైళ్లకు రాసినా వంద కేబీ చుట్టుపక్కలనే అయితది, ఇంత చిన్న ఖర్చుకు వెనకాడి ఒక్క గుర్తుతో సరిపెట్టడం సమంజసం కాదు.

పాటకు మాత్రం ఇది పనికిరాదు. ఐదు నిమిషాల పాట రెండో చరణం కాడ ఆగితే, వారం తర్వాత పెట్టినప్పుడు చరణం నుంచి మొదలైతే వినేటోళ్లకు నచ్చదు, పల్లవి నుంచే కావాలె. ఫోల్డర్లు, ఎక్స్‌టెన్షన్లు, టిక్కులు అని జనాలతోటి పని చేయించే బదులు నిడివిని బట్టి తేల్చేస్తే సులువు, పదిహేను నిమిషాల పైన ఉంటే గుర్తు పెట్టాలె, లోపుంటే వద్దు. అప్పుడప్పుడు తప్పుతది, పొడుగు కచేరీ ఉండొచ్చు, చిన్న క్లాసు ఉండొచ్చు, అయినా సెట్టింగ్స్ పేజీ తెరవనోళ్లకు ఇదే మేలు. యాప్ ఆగి మళ్లీ తెరిచినప్పుడు క్యూ, షఫుల్ వరుస, నడుస్తున్న పాట చోటు అట్లనే తిరిగి రావడం వేరే లెక్క, అది అన్నిటికీ ఉండాలె.

చోటు తెలిసినా అక్కడికే దూకలేకపోవడం

కొన్నిసార్లు ప్లేయర్ రాసుకున్నది కరెక్టే ఉంటది గని దూకేటప్పుడు తప్పు జాగల పడతది. వేరియబుల్ బిట్‌రేట్, అంటే సెకనుకు పట్టే బైట్లు మారుతుండే ఎంపీత్రీలల్ల ఇది ఎక్కువ. డోలు, తాళం గట్టిగ మోగే కాడ ఎక్కువ బైట్లు, ఒక్క గొంతు నెమ్మదిగ మాట్లాడే కాడ తక్కువ బైట్లు పడతయి కాబట్టి గంటన్నర అంటే ఫైల్‌ల సరిగ్గ సగం కాదు. దీని కోసం ఫైల్ మొదట్ల జింగ్ హెడర్ అని ఒక పట్టిక ఉంటది, దాంట్ల వంద గడులే, ఒక్కో గడిల 0 నుంచి 255 దాకానే అంకె. నాలుగు నిమిషాల పాటకు అది సరిపోతది, మూడు గంటల కథకు గడికీ గడికీ మధ్య 108 సెకన్లు, అంకెల్ల ఒక్కో మెట్టు సగటున 42 సెకన్లు. అందుకే పావు నిమిషం, అర నిమిషం అటూఇటూ పడుతది. ఆ హెడర్ కూడ లేని ఫైలైతే ప్లేయర్ అంచనా మీద దూకుతది, అప్పుడు నిమిషాల్లెక్కనే తేడా రావచ్చు.

టైముతోటి పాటు ఫైల్‌ల ఎన్నో బైటు కాడ ఉందో కూడ రాసుకుంటే ఈ గొడవ పోతది. ఆ బైటు కాడికి పోయి అక్కడ్నుంచి మొదట దొరికే ఫ్రేమ్ (సౌండుల చిన్న ముక్క) పట్టుకోవాలె, ఎంపీత్రీల ఒక్క ఫ్రేమ్ 1152 శాంపిళ్లు, సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు కాడ 26 మిల్లీ సెకన్లు, అంతకంటే ఎక్కువ తేడా రాదు. ఎంఫోర్ఏ అనే ఇంకో రకం ఆడియో ఫైళ్లల్ల పూర్తి పట్టిక లోపల్నే ఉంటది కాబట్టి ఈ సమస్య రాదు.

అయితే సరిగ్గ ఆగిన చోటే మొదలుపెట్టుడు కూడ మంచిది కాదు. వాక్యం సగంల, మాట సగంల ఆగి ఉంటది, రెండ్రోజుల తర్వాత ఆ సగం మాట నుంచి వింటే ఏం అర్థం కాదు. ఒగ్గు కథ చెప్పేటాయన చాయ్ తాగొచ్చి మళ్లీ అందుకున్నప్పుడు నాలుగు మాటలు వెనక నుంచి ఎత్తుకున్నట్టు ప్లేయర్ కూడ జర వెనక్కి జరగాలె, ఎంత వెనక్కి అన్నది ఎంతసేపు ఆగిందన్నదాన్ని బట్టి ఉండాలె. నిమిషం లోపైతే రెండు సెకన్లు, గంటలైతే పది, రోజులైతే ఇరవై, ముప్పై.

చివరి భాగంల ఇంకో చిక్కుంది. ఫైల్ పూర్తిగ అయిపోయినంక చివరి చోటే రాసి ఉంచితే, మళ్లీ నొక్కినప్పుడు ఒక్క సెకను మోగి ఆగిపోతది, ఫైల్ చెడిపోయిందనుకుని డిలీట్ చేస్తరు. అట్లని చివరి రెండు శాతం వచ్చిందంటే అయిపోయినట్టే అని లెక్క కడితే మూడు గంటల కథల అది మూడున్నర నిమిషాలు, మంగళహారతి ఆ లోపల్నే ఉండొచ్చు. నిజంగ ఫైల్ అంచుకు వచ్చినప్పుడే, లేదా చివరి పది సెకన్లల్ల ఆపినప్పుడే గుర్తును సున్నాకు తేవాలె.

ఎప్పుడు మోగాలె, ఎప్పుడు ఊకుండాలె

ఆండ్రాయిడ్‌ల ఒకేసారి రెండు యాప్‌లు సౌండ్ కోసం కొట్లాడకుండ ఆడియో ఫోకస్ అనే పద్ధతి ఉంది, ఫోకస్ అంటే సౌండు పెట్టే వంతు. ఫోకస్ పోయినప్పుడు సిస్టమ్ అది తాత్కాలికమా శాశ్వతమా అని కూడ చెప్తది. ఫోన్ కాల్ తాత్కాలికం, అయిపోయినంక ఫోకస్ తిరిగొస్తది, ప్లేయర్ దానంతటదే మళ్లీ మొదలుపెట్టొచ్చు. వేరే యాప్‌ల ఎవరన్న పాట పెట్టిన్రంటే అది శాశ్వతం, ఆ పాట ఆగినా కథ దానంతటది మోగొద్దు. ఐఫోన్‌ల కూడ ఇట్లాంటిదే, అడ్డం వచ్చింది అయిపోయినప్పుడు మళ్లీ మొదలుపెట్టొచ్చా లేదా అని సిస్టమ్ ఒక సూచన పంపుతది.

ఇక్కడ ప్లేయర్ గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఆగింది ఎవరి వల్ల? కాల్ రాకముందే మనిషి పాజ్ నొక్కి ఉంటే, లేదా కాల్ నడుస్తుండంగ నోటిఫికేషన్‌ల పాజ్ నొక్కితే, కాల్ అయిపోయినా మోగొద్దు. ఇయర్‌ఫోన్ పిన్ను ఊడినప్పుడు సిస్టమ్ హెచ్చరిక పంపుతది, వెంటనే ఆగాలె, లేకపోతే బస్సు మొత్తం వింటది. పిన్ను మళ్లీ పెట్టినప్పుడు మాత్రం ఊకుండాలె, చోటు సిద్ధంగ పెట్టుకుని ప్లే నొక్కే దాకా ఆగాలె. బ్లూటూత్‌కు కూడ అంతే, కార్ స్టార్ట్ చేయంగనే నిన్నటి ప్రవచనం గట్టిగ అందుకునుడు చాలామందికి ఇష్టముండదు. హనుమకొండల రీడింగ్ రూమ్‌ల చదువుకునే పిల్లగాడు యాప్ తెరిచిన పాపానికి సౌండు బయటికొస్తే అక్కడ పదిమంది తలెత్తి చూస్తరు. అంటే యాప్ తెరిచినప్పుడు చోటు చూపియ్యాలె, మోగించొద్దు. మ్యూజిక్ ప్లేయర్ డీమన్‌ల ఈ తేడా కోసమే ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే చోటు తిరిగొస్తది గని పాజ్‌ల ఉంటది. ఆండ్రాయిడ్ 11ల, 2020 నుంచి, యాప్ ఆగిపోయినంక కూడ క్విక్ సెట్టింగ్స్‌ల పాత ప్లేయర్ కార్డు చూపించే సౌకర్యం వచ్చింది, అది కూడ నొక్కితేనే మోగుతది.

అడిగే డబ్బా వద్దు

"ఆగిన చోటు నుంచి కొనసాగించాలా? అవును, కాదు" అని ప్రతిసారి అడిగే డబ్బా పెట్టుడు డెవలపర్‌కు సేఫ్ అనిపిస్తది, నిర్ణయం వాళ్ల మీద వేసేసినట్టు. కానీ చదువు రాని పెద్దోళ్లు ఆ డబ్బాను చూసి ఆగిపోతరు, కండ్లద్దాలు దగ్గర లేకపోతే ఏదో ఒకటి నొక్కుతరు, "కాదు" మీద వేలు పడితే గంటన్నర పోయినట్టే. ప్లే నొక్కంగనే ఆగిన చోటు నుంచే మొదలుపెట్టి, పక్కన "మొదటి నుంచి" అనే బటన్ ఒక పది సెకన్లు చూపిస్తే చాలు, కావాల్సినోళ్లు నొక్కుతరు, అది నొక్కినా పాత చోటును వెంటనే చెరిపేయకుండ కాసేపు దాచిపెడితే పొరపాటున నొక్కినోళ్లు కూడ వెనక్కి రాగలుగుతరు.

ఇదంత సరిగ్గ పనిచేస్తుందా లేదా చూడాల్నంటే ఖరీదైన కొత్త ఫోన్ మీద చూసుడు దండుగ. రెండు, మూడు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్ తీసుకుని, 170 ఎంబీ కథ ఎస్డీ కార్డుల పెట్టి, గంట కాడికి జరిపి, పాజ్ నొక్కి, కెమెరా తెరిచి, రెండు గేములు తెరిచి, తర్వాత ప్లేయర్‌కు రావాలె. ఆ తర్వాత సెట్టింగ్స్‌ల పోయి ఫోర్స్ స్టాప్ కొట్టి చూడాలె, ఫైల్‌ను వేరే ఫోల్డర్‌కు జరిపి పేరు మార్చి చూడాలె, కథ మోగుతుండంగ ఇంకో నంబర్ నుంచి కాల్ చేయించి ఆ కాల్ మధ్యల పాజ్ నొక్కి చూడాలె, యాప్ తెరవంగనే సౌండు రాకముందే మూసేసి మళ్లీ తెరిచి చూడాలె.